బై ద గ్రేట్ హార్న్ స్పూన్: మా పాపతో కలిసి చదివిన గోల్డ్ రష్ నవల

మేం ఉండేది ఫాల్సమ్‌లో, శాక్రమెంటో పక్కన. కాలిఫోర్నియాలో పిల్లలు ఫోర్త్ గ్రేడ్‌కి వచ్చారంటే రాష్ట్ర చరిత్ర, అందులో గోల్డ్ రష్ (బంగారం దొరికిందని తెలిసి జనం ఎగబడి వచ్చిన కాలం) తప్పకుండా ఉంటాయి. మొదట బంగారం ఎప్పుడు, ఎవరికి, ఎక్కడ దొరికిందంటే మా పాప "1848 జనవరి 24, జేమ్స్ మార్షల్, సటర్స్ మిల్" అని గడగడా అప్పజెప్పేసింది గానీ, అప్పుడు వచ్చినోళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఉన్న ఊరు వదిలి అంత దూరం ఎందుకు పరిగెత్తారు అని అడిగితే మాత్రం జవాబు లేదు. అందుకే సిడ్ ఫ్లైష్‌మన్ రాసిన ఈ నవల తెప్పించా. 1963లో వచ్చిన పుస్తకం, అంటే మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటిది, అయినా రోజూ రాత్రి ఇంకో చాప్టర్ ఇంకో చాప్టర్ అని పాప నన్ను పడుకోనివ్వలేదు.

కథ 1849లో. జాక్ అని పన్నెండేళ్ళ పిల్లాడు, తల్లీదండ్రీ లేరు, బోస్టన్‌లో పిన్ని దగ్గర పెరుగుతుంటాడు. డబ్బులైపోయి ఆమె ఇల్లు అమ్ముకునే పరిస్థితి వస్తుంది. దాన్ని కాపాడాలని జాక్, వాళ్ళింట్లో పనిచేసే బట్లర్ ప్రెయిజ్‌వర్దీ బంగారం కోసం బయల్దేరతారు. టికెట్ డబ్బులు రేవులోనే దొంగ కొట్టేస్తాడు, దాంతో చెప్పకుండా ఓడెక్కేసి తర్వాత బొగ్గు గదిలో పని చేస్తూ ప్రయాణం. ఆ రోజుల్లో పనామా కాలవ లేదు కాబట్టి దక్షిణ అమెరికా కింద చివర కేప్ హార్న్ చుట్టూ తిరిగి రావాలి, అయిదారు నెలల పని. పుస్తకంలో చాలా భాగం ఈ ఓడ మీదే నడుస్తుంది. బంగారం ఎప్పుడొస్తుందా అని చూసే పిల్లలకి కొంచెం ఓపిక కావాలి గానీ నాకు మాత్రం బాగా నచ్చిన భాగం ఇదే.

గాలి పడిపోయి ఓడ కదలకుండా నిలబడిపోతుంది, తాగే నీళ్ళకే కరువు, ఒకాయన కాలిఫోర్నియాలో నాటదామని తెస్తున్న ద్రాక్ష తీగల ముక్కలు ఎండిపోతుంటాయి. వాటిని ఉర్లగడ్డల్లో గుచ్చి, ఆ తడితో బతికించుకుంటారు. మా అమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉందిప్పుడు, నేను ఏ రోజు కథ ఆ రోజు తెలుగులో చెప్తుంటే "ఎంత తెలివిరా వాడికి" అంది. ఆ ఓడలోనే దొంగని పట్టుకునే ఉపాయం ఒకటుంది, పంది, చీకటి, బొగ్గు మసి... ఇంతకంటే చెప్పను. ఇలాంటి కథే నేను అవ్వ దగ్గర విన్నా అని పాప ఎగిరి గంతేసింది.

ఇక శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాక చేతిలో పైసా లేదు, శాక్రమెంటో పోవాలంటే స్టీమర్ టికెట్ కొనాలి. అప్పుడు ప్రెయిజ్‌వర్దీ గనుల నుంచి వచ్చినోళ్ళ జుట్టూ గడ్డం కత్తిరించి, ఆ వెంట్రుకల్ని నీళ్ళలో కడిగి అందులో చిక్కుకున్న బంగారం పొడి తీస్తాడు. ఇది విని మా అమ్మకి ఏం ఆశ్చర్యం కలగలేదు, "మన బజార్లో బంగారం అంగళ్ళ ముందు దుమ్ము ఊడ్చుకుపోయి కడుక్కునేవాళ్ళు లేరా" అనేసింది. అంతవరకు నాకూ తట్టలేదు.

ఈ పుస్తకం బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1848 మొదట్లో వెయ్యి మంది దాకా ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో రెండేళ్ళలో పాతిక వేలకి చేరిందని టెక్స్ట్‌బుక్ చెప్తుంది, కానీ అంతమంది ఒక్కసారి వచ్చి పడితే బట్టలు ఎవరు ఉతుకుతారు, జుట్టు ఎవరు కత్తిరిస్తారు, వస్తువుల ధర ఎంతకి పోతుంది అన్నది కథలో ఉంటేనే పిల్లలకి ఎక్కుతుంది. అందరూ గనులకి పోతే ఓడలు రేవులోనే దిక్కులేకుండా ఉండిపోయాయి. నయాంటిక్ అనే ఓడని ఒడ్డుకి లాగి గోడౌన్‌గా, తర్వాత హోటల్‌గా వాడుకున్నారు.

చదవడం అయ్యాక ఒక శనివారం హైవే 50 మీద ప్లాసర్‌విల్ దాకా పోయాం, జాక్ వాళ్ళు బంగారం తవ్విన హ్యాంగ్‌టౌన్ అదే. అక్కణ్ణించి హైవే 49 మీద కొలోమా, సటర్స్ మిల్ ఉన్న ఊరు. ఆ నంబర్ పెట్టింది 1849లో వచ్చినోళ్ళ పేరు మీదే అని చెప్తే పాప రోడ్డు పక్కన ప్రతి బోర్డూ చదవడం మొదలుపెట్టింది. కొలోమాలో పళ్ళెం ఇచ్చి బంగారం కడగడం నేర్పిస్తారు. పాపకి చెయ్యి తిరగలేదు, మా అమ్మ పళ్ళెం తీసుకుని బియ్యం గాలించినట్టే గాలించింది. బంగారం ఇసుక కంటే ఏడు రెట్లు బరువు కాబట్టి అడుగున ఉండిపోతుంది. బియ్యంలో అయితే అడుగున మిగిలిన రాళ్ళు పారేస్తాం, ఇక్కడ ఆ అడుగునున్నదే కావాలి. రెండు మెరుపు రేకులు దొరికాయి, ఇంతంటే ఇంత, ఆవగింజలో సగం కూడా ఉండవు.

నాకు గట్టిగా అనిపించిన లోటు కూడా చెప్పాలి. ఈ నేల ఎవరిదో పుస్తకం చదివితే తెలీదు. కొలోమా అన్న పేరే నిసెనాన్ అనే ఇక్కడి ఆదివాసుల ఊరు కల్లుమా నుంచి వచ్చింది. గోల్డ్ రష్‌కి ముందు కాలిఫోర్నియాలో లక్షా యాభై వేల మంది దాకా ఉన్న ఆదివాసులు 1870 నాటికి ముప్పై వేలకి పడిపోయారని అంచనా, రోగాలే కాదు, వేటాడి మరీ చంపారు. చైనా వాళ్ళ సంగతీ అంతే. 1850లో బయటి దేశాల మైనర్ల మీద నెలకి 20 డాలర్ల పన్ను వేశారు, రెండేళ్ళకి మళ్ళీ వేసిన పన్ను ఎక్కువగా వాళ్ళ మీదే పడింది, కొలోమాలో వాళ్ళు నడిపిన కొట్ల రాతి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఇవన్నీ తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంతవరకు చెప్పాలో నేనూ ఆలోచించుకుని చెప్పా, కానీ అస్సలు చెప్పకుండా ఈ పుస్తకం ఒక్కటే చేతికిచ్చి వదిలేయొద్దని పేరెంట్స్ అందరికీ నా రిక్వెస్ట్. ఆడవాళ్ళ పాత్రలు కూడా చాలా తక్కువ, పాప తనే అడిగింది "అమ్మాయిలు ఎవరూ రాలేదా" అని.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి సరిపోతుంది. పాతకాలపు ఇంగ్లిష్, ఓడ పదాలు ఎక్కువ, మొదటి నాలుగైదు చాప్టర్లు పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చదివితే మంచిది. ఎరిక్ వాన్ ష్మిట్ బొమ్మలున్న ఎడిషనే తీసుకోండి. మాకు ఆన్‌లైన్‌లో వచ్చిన కాపీ అట్ట మడతపడి ఉంది, లోపల పేజీలు బాగానే ఉన్నాయి కాబట్టి వెనక్కి పంపలేదు. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తా.

కొలోమాలో ఒక బండరాయి చూశాం, దాని నిండా గుంటలు, నిసెనాన్ ఆడవాళ్ళు ఓక్ కాయలు దంచుకున్న చోటు. మా అమ్మ వంగి ఒక గుంటలో చెయ్యి పెట్టి చూసి "ఇది రోలే కదమ్మా" అంది. పాప కూడా పక్కనే కూర్చుని చెయ్యి పెట్టి, ఇది జాక్ చూసుంటాడా అని అడిగింది.