శుభ్రమైన బొమ్మలో కనబడని సాంబ్రాణి పొగ

ఒక పాత నలుపు తెలుపు సినిమాను శుభ్రం చేసి తెచ్చిన బ్లూ-రే డిస్కు ఇది. రెండేళ్ల క్రితం దీన్ని కొన్న వారంలోనే మా బావగారికి ఫోను చేసి, "బొమ్మ అద్దంలా ఉంది, మీరూ తెప్పించుకోండి" అన్నాను. అంత తొందరపడి చెప్పకుండా ఉండవలసింది.

గీతలు లేవు, మరకలు లేవు, రీలు మారే చోట బొమ్మ ఎగరడం లేదు. మాటలు చక్కగా వినిపిస్తాయి. శుభ్రం చేసినవాళ్ల శ్రమను తక్కువ చేయను. నా బాధంతా గ్రెయిన్, అంటే ఫిల్ములోని సన్నని రేణువుల గురించే.

కిందటి సంక్రాంతికి నాన్నగారు, అమ్మ వడపళనిలోని మా ఇంటికి వచ్చారు. నాన్నగారు కోడంబాక్కం ల్యాబులో ముప్ఫై ఏళ్లు ఫిల్ము కడిగిన మనిషి. పది నిమిషాలు చూసి, "ముఖాలకు ఇస్త్రీ చేశారేమిటిరా?" అన్నారు. అంతలో పూజ సన్నివేశం వచ్చింది. నా దగ్గరున్న పాత డీవీడీలో సాంబ్రాణి పొగ దారంలా లేచి, కథానాయిక చెంప పక్కన విడిపోయి, దీపం ముందు కరిగిపోతుంది. ఇందులో ధూపపాత్ర మీద బూడిదరంగు ముద్ద ఒకటి నిలిచి ఉంది. ఆమె తల తిప్పితే అది ఒక్కసారి జరిగి మళ్లీ ఆగిపోయింది. జరీ అంచులో నేత లేదు, సున్నం పూసిన పట్టీలా ఉంది. రెండు డిస్కులూ మార్చి మార్చి నాలుగుసార్లు చూశాం.

నలుపు తెలుపు ఫిల్ములో వెండి రేణువులే బొమ్మ, అవి పోగా మిగిలే బొమ్మ వేరే లేదు అన్నారు నాన్నగారు. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కోదానిలో రేణువుల అమరిక ఒక్కో రకం. అందుకే తెర సన్నగా కదులుతున్నట్టు ఉంటుంది. ఆ కదలికను మురికి అనుకుని సాఫ్ట్‌వేరుతో తుడిస్తే, అంతే సన్నగా ఉండే పొగ, వాన తుంపర, నుదుటి మీది నూగు కూడా పోతాయి.

తప్పు కొంత నా టీవీది కూడా. అందులో బొమ్మలోని గరగరను తుడిచే నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగు మొదటినుంచీ పనిచేస్తూనే ఉందని ఆ రాత్రి చూశాను. ఆపేశాక చర్మం కాస్త చర్మంలా కనబడింది. పొగ మాత్రం రాలేదు. బొమ్మను 576 అడ్డ వరుసల్లో చూపే డీవీడీలో ఉన్నది 1080 వరుసల్లో చూపే ఈ డిస్కులో లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మాది 55 అంగుళాల తెర, ఆరడుగుల దూరంలో కూర్చుంటాం. చిన్న తెర మీద ఇదంతా మీకు తెలియకపోవచ్చు. అమ్మకు ఈ డిస్కే ఇష్టం, డీవీడీలో గరగర ఎక్కువని. ఆమె ఉన్నప్పుడు ఇదే వేస్తాను. పూజ సన్నివేశం దగ్గర మాత్రం లేచి డీవీడీ పెడతాను.