పదహారు నెలలు డౌలా తోడుతో: నా అనుభవం

ఉండేది న్యూజెర్సీలో. కారు యాక్సిడెంట్ తర్వాత నడుం నొప్పికి రాసిచ్చిన ఆక్సికోడోన్ బిళ్లలు మానలేని స్థితికి వచ్చి, ఆ అలవాటు మాన్పించే బుప్రెనార్ఫిన్ అనే మందు మొదలుపెట్టిన ఏడాదికి నెల తప్పింది. వెంటనే ఆ మందు ఆపేద్దామనుకున్నాను. ఆపితే మళ్లీ బిళ్లల్లో పడే ప్రమాదం ఉందని, కొనసాగించడమే మంచిదని డాక్టరు చెప్పినా మనసు ఒప్పలేదు. ఐదో నెలలో వచ్చిన డౌలా (గర్భంలో, కాన్పులో, ఆ తర్వాత తోడుండే మనిషి), తనూ ఇదే అలవాటు నుంచి బయటపడ్డ మనిషి, నా పక్కన కూర్చుని అదే సంగతి నాకు అర్థమయ్యేదాకా డాక్టరుతో మళ్లీ చెప్పించింది.

డౌలా నర్సు కాదు, మందులివ్వదు, పరీక్షలు చేయదు. పక్కన ఉంటుంది, మన తరఫున అడుగుతుంది. ఈ మందు వాడుతున్నానని పాపను ఎవరైనా తీసుకెళ్లిపోతారేమో అన్న భయంతో నాకు నిద్ర పట్టేది కాదు, ఎనిమిదో నెలలోనే సేఫ్ కేర్ ప్లాన్ (పుట్టాక పాపను, నన్ను ఎలా చూసుకోవాలో రాసుకునే ప్రణాళిక) కాగితాలు కూర్చోబెట్టి రాయించింది.

పురుడు రోజున నా చార్టు చూశాక ఒక నర్సు మాటతీరే మారిపోయింది, నొప్పి అంటే పట్టించుకోలేదు. డౌలా ముందే సిద్ధం చేయించిన కాగితం తీసింది: రోజూ వేసుకునే డోసు ఆపొద్దు, ఎపిడ్యూరల్ కావాలి, నాల్బుఫిన్ అనే నొప్పి మందు ఇవ్వొద్దు. బుప్రెనార్ఫిన్ వాడేవాళ్లకి అది విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే వచ్చే బాధలు) తెప్పిస్తుంది. అప్పుడు గానీ పెద్ద నర్సు రాలేదు.

మూడో రోజు పాపకు, కడుపులో అలవాటైన మందు ఆగడంతో, గడ్డం వణకడం, ఆగని తుమ్ములు, సన్నగా కీచుమనే ఏడుపు. నావల్లే అని కుమిలిపోతుంటే డౌలా లైట్లు తగ్గించి, టీవీ ఆపి, పాపను నా గుండెల మీద పడుకోబెట్టింది. జోకొట్టొద్దు, చెయ్యి కదలకుండా వీపు మీద ఉంచు చాలు అంది. పాలు తాగుతోందా, గంట నిద్రపోతోందా, పది నిమిషాల్లో ఊరుకుంటోందా, ఆసుపత్రిలో చూసింది ఇవే. ఆ లక్షణాలు తగ్గించడానికి పాపకు మార్ఫిన్ ఇవ్వాల్సిన అవసరం పడలేదు, ఆరో రోజు ఇంటికొచ్చాం.

లోటు ఒకటే, కానీ పెద్దది. న్యూజెర్సీలో 2021 నుంచి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డౌలాకు డబ్బు కడుతోంది, ఆ విజిట్లు అయిపోయాక ఒక చారిటీ ముందుకొచ్చేదాకా మూడు వారాలు ఎవరూ లేరు. అసలు తోడు కావాల్సింది కాన్పయ్యాకే, నిద్రలేని ఆ నెలల్లోనే మళ్లీ బిళ్లల మీదకి మనసు లాగుతుంది. కుదుర్చుకునేటప్పుడే ఏడాది వరకు వస్తారా అని అడగండి.

గుంటూరులో అమ్మకు ఈ సంగతి చెప్పింది కూడా డౌలా పక్కన ఉండగానే. వీడియో కాల్‌లో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆవిడ అన్నం తిందో లేదో అడగవే" అంది.