కట్ట మీద నడక బాగుంది, కట్ట దాకా నడకే భయం

హైదరాబాదుకు పడమట, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఏటికేడు పెరిగిపోతున్న మా ప్రాంతంలో, పాత ఊరి చెరువు చుట్టూ వేసిన నడకబాట ఇప్పుడు పూర్తిగా వాడుకలోకి వచ్చింది. పొద్దున్నో సాయంత్రమో తరచుగా అక్కడికి వెళ్లే నివాసిగా దాని బాగోగులు వివరంగా రాయాలనిపించింది. బాట గురించి మొదలుపెట్టి, అక్కడికి చేరే రోడ్డు గురించి కింద ఇంత రాశారేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆదివారం పొద్దున్నే కట్ట కింద రోడ్డుకు రెండు వైపులా ఆగి ఉన్న కార్ల వరుసను చూస్తే అందుకు కారణం తెలుస్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా నడవడానికి కారులో వస్తున్నారంటే, లోపల బాట ఎంత బాగున్నా పని సగమే అయినట్టు లెక్క.

ముందు మంచి చెప్పాలి, అది చాలానే ఉంది. చెరువును పూడ్చి పార్కు చేయలేదు. పది హెక్టార్లు దాటిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ బాట, చెట్లు, బల్లలు అన్నీ ఆ ఖాళీ పట్టీలోనే ఇమిడిపోయాయి. కట్ట మీద మొరం దిమ్మిస చేసిన మెత్తటి దారి, అవతలి ఒడ్డున పేవర్ బ్లాకుల దారి వేశారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొరం వైపే నడుస్తారు, వాన పడినప్పుడు అందరూ బ్లాకుల వైపుకు మారతారు. అలుగు మీదుగా చిన్న వంతెన వేసినప్పుడు నీరు పొర్లే దారిని ఇరుకు చేయకుండా దాని వెడల్పంతా వదిలిపెట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది కట్ట మైసమ్మ గుడి దగ్గర చేసిన పని. గుడిని కదిలించకుండా, ముందున్న వేపచెట్టు కొట్టకుండా, బాటనే కాస్త పక్కకు వంచి తీసుకెళ్లారు. బోనాల రోజుల్లో పాత ఊరి ఆడవాళ్లు తలమీద బోనంతో వస్తే నడకకు వచ్చినవాళ్లు ఆగి దారి ఇస్తారు. బతుకమ్మ మెట్లు వెడల్పుగా, గరుకు రాయితో ఉన్నాయి కాబట్టి తడిసినా కాలు జారదు. దీపాలు ఎత్తు తక్కువ స్తంభాల మీద ఉండి, వెలుగు కళ్లలో పడకుండా దారి మీదే పడుతుంది. మరుగుదొడ్లు కట్టారు, నీళ్లు వస్తున్నాయి, ఆడవాళ్ల వైపు తలుపులకు గడియలు సరిగా ఉన్నాయి.

ఇక గేటు. ప్రధాన ద్వారం దగ్గర మోటారు సైకిళ్లు లోపలికి రాకుండా ఇనుప పైపులతో మెలికలు తిరిగే దారి ఒకటి పెట్టారు. మనిషి పక్కకు తిరిగి, రెండు మలుపులు తీసుకుని లోపలికి వెళ్లాలి. ఉద్దేశం మంచిదే, కట్ట మీద బండ్లు తిరిగితే నడకబాట నడకబాటగా మిగలదు. కానీ కొలతలు చూడండి. మామూలు మోటారు సైకిలు హ్యాండిల్ వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పోవాలంటే కనీసం 90 సెంటీమీటర్ల జాగా కావాలి. అంటే బండిని ఆపేంత ఇరుకుగా ఏది పెట్టినా అది ముందుగా చక్రాల కుర్చీని ఆపుతుంది, ఆ తరువాత పసిపిల్లల బండిని ఆపుతుంది. బండి నడిపే కుర్రాడు మాత్రం కంచె విరిగిన చోటు వెతుక్కుని ఎలాగో లోపలికి వస్తున్నాడు. ఆ మధ్య ఒకావిడ తన అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి గేటు దగ్గర నిలబడిపోయింది. పక్కన వెడల్పు గేటు ఉంది, దానికి తాళం ఉంది. "తాళంచెవి ఆఫీసులో ఉందమ్మా, తొమ్మిది దాటాక వస్తారు" అన్నాడు కాపలా మనిషి. తప్పు అతనిది కాదు. వెడల్పు గేటు తెరిచి ఉంచి, అక్కడ పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఒక మనిషిని నిలబెడితే సమస్య తీరిపోతుంది. ఇనుముతో చేయలేని పని మనిషి కాపలాతో అవుతుంది.

రోడ్డు సంగతి ఇంతకంటే పెద్దది. నార్సింగి, మణికొండ, తెల్లాపూర్ వంటి ఊళ్లు 2018లో పంచాయతీల నుంచి మునిసిపాలిటీలయ్యాయి. అప్పటి ఎడ్లబండ్ల దారుల మీదే ఇప్పుడు ముప్పై నలభై అంతస్తుల టవర్లకు వెళ్లే కార్లు, స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు నడుస్తున్నాయి. మా రోడ్డును వంద అడుగులకు వెడల్పు చేసినప్పుడు వాహనాలకు చెందిన భాగం చక్కగా పూర్తయింది, మనుషులకు చెందిన భాగం ముక్కలుగా మిగిలింది. నివాస ప్రాంతాల్లో ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల నడక వెడల్పు ఉండాలనీ, అంచు రాయి ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదనీ, దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మా దగ్గర ఫుట్‌పాత్ చూడటానికి అంత వెడల్పుగానే కనిపిస్తుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని తరువాత చెట్టు చుట్టూ కట్టిన గట్టు, తరువాత మూత లేని మురుగు కాలువ గుంట ఉన్నాయి. ప్రతి అపార్ట్‌మెంటూ తన కార్ల కోసం ఫుట్‌పాత్‌ను కోసి ర్యాంపు పోసుకుంది. దానివల్ల నడిచేవాడు ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కాలి. ఆ దిగడం ఎక్కడం పడలేక పెద్దవాళ్లు రోడ్డు మీదికే వస్తారు. ఫుట్‌పాత్ ఉన్నా జనం వాడరని విసుక్కునేవారు ఒకసారి దాని మీద చివరిదాకా నడిచి చూడాలి.

రోడ్డు దాటడమే అన్నిటికన్నా ప్రమాదకరం, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. చెరువు రోడ్డుకు అవతల ఉంది, ఇళ్లలో ఎక్కువ భాగం ఇవతల ఉన్నాయి. కూడళ్లలో సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టడం నగరంలో కొంతకాలంగా నడుస్తున్న పద్ధతి. వాహనాలు ఆగకుండా పోతాయి, నిజమే. కానీ ఆగని వాహనాల మధ్య నడిచేవాడికి దాటే సందు ఎప్పుడూ దొరకదు. యూటర్న్ దూరంగా ఉంటే ద్విచక్ర వాహనాలు రాంగ్ రూట్‌లో వస్తాయి, కాబట్టి కుడివైపు చూసి అడుగు వేసిన మనిషిని ఎడమవైపు నుంచి వచ్చే బండి గుద్దుతుంది. లెక్క చూస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. డివైడర్‌కు ఒక పక్క రోడ్డు 13 మీటర్లు అనుకుందాం. వయసు మళ్లిన మనిషి సెకనుకు మీటరు చొప్పున నడిస్తే దాటడానికి 13 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు అదే 13 సెకన్లలో 200 మీటర్లకు పైగా వస్తుంది. మా దగ్గర కట్ట మలుపు వల్ల అంత దూరం కనిపించదు. అంటే రోడ్డు ఖాళీగా ఉందని చూసి అడుగు వేసినా, మధ్యలోకి వచ్చేసరికి కారు మీదికి వచ్చేస్తుంది. అదే వేగం 30కి తగ్గితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. మనుషులు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్ల వేగాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది.

వేగం తగ్గాలంటే బోర్డు పెడితే చాలదు, రోడ్డు రూపం మారాలి. మా దగ్గర స్పీడ్ బ్రేకర్లు వేశారు, అయితే అవి సన్నగా, నిటారుగా, నడుము విరిగేలా ఉన్నాయి. బైకులన్నీ కాలువ పక్కన వదిలిన సందులోంచి, అంటే సరిగ్గా జనం నడిచే చోటి నుంచి పోతున్నాయి. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా వాలే స్పీడ్ బ్రేకర్ వేయాలని రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో కొలత ఇచ్చింది. ఇంకా మంచి మార్గం ఏమిటంటే, కట్ట గేటు ఎదురుగా జీబ్రా గీతలున్న చోటునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి అంచు నుంచి అంచు దాకా చదునుగా వేయడం. అప్పుడు నడిచేవాడు దిగక్కర్లేదు, వాహనం మాత్రం నెమ్మదించక తప్పదు. డివైడర్ మధ్యలో నిలబడేందుకు రెండు మీటర్ల జాగా వదిలితే ఒక్కసారికి ఒక్క వైపే చూసుకుని దాటవచ్చు.

ఇదంతా ఉదయపు నడకకు వచ్చే మావంటి వారి కోసమే చెప్పడం లేదు. ఈ రోడ్డు మీద రోజంతా నడిచేవాళ్లు వేరే ఉన్నారు. పాత ఊరి నుంచి అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లు, షిఫ్టు మారే వాచ్‌మన్‌లు, నిర్మాణాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీలు, సర్కారు బడికి వెళ్లే పిల్లలు వాళ్లు. పొద్దుగూకాక పని ముగించుకుని వెళ్లే ఆడవాళ్లకు ఈ రోడ్డు మీద వెలుగు లేదు. వీధిదీపాలు డివైడర్ మధ్యలో ఉన్నాయి, కానుగ చెట్ల కొమ్మలు అడ్డొచ్చి ఫుట్‌పాత్ మీద చీకటి పడుతుంది. నడకబాట లోపల అంత శ్రద్ధగా దీపాలు పెట్టినవారు ఈ రెండు ఫర్లాంగులకు కూడా పెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది. పైగా కట్ట మీది బాట పాత ఊరికి దగ్గరి దారి. తూము వైపు గేటును రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచితే వాళ్లు రోడ్డు ఎక్కకుండానే ఇల్లు చేరవచ్చు. వ్యాయామానికే కాకుండా రాకపోకలకు కూడా పనికొచ్చినప్పుడే ఇటువంటి బాటకు పెట్టిన డబ్బు సార్థకమవుతుంది.

పోలికకు ఔటర్ పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన సైకిలు ట్రాకును చెప్పుకోవాలి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు రెండు భాగాలుగా మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పుతో సాగుతుంది. పైన కప్పుగా 16 మెగావాట్ల సౌర పలకలున్నాయి కాబట్టి నీడా ఉంటుంది, కరెంటూ వస్తుంది. వాహనాల దారి నుంచి దాన్ని పూర్తిగా విడదీశారు. మా చెరువు రోడ్డుకు నేర్చుకోవలసిన పాఠం ఆ విడదీయడమే. అన్ని కిలోమీటర్లూ కోట్లూ అక్కర్లేదు, ఇళ్ల వరుస నుంచి కట్ట దాకా అడ్డంకులు లేని నీడ దారి ఒకటి చాలు.

చట్టం బలం కూడా ఇప్పుడు నడిచేవారి వైపు ఉంది. ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద పౌరులకున్న హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, వికలాంగుడైనా, బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఏ సెక్షన్ 2019లోనే మోటారు వాహనాల చట్టంలో చేరింది. కాలనీ సంఘాలు వినతిపత్రం రాసేటప్పుడు "రోడ్డు బాగు చేయండి" అని వదిలేయకుండా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు, గుంట ఉన్న చోటు, అక్కడ మిగిలిన వెడల్పు టేపుతో కొలిచి ఫొటోతో సహా ఇవ్వాలి. కొలత ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం కష్టం.

నా అంచనాలో నడకబాటకు ఐదుకు నాలుగు, గేటుకు రెండు, అక్కడికి చేరే దారికి ఒకటి. ఇప్పటికి వెళ్లదలచినవారు ప్రధాన ద్వారం కన్నా తూము వైపు గేటునే ఎంచుకోవడం మంచిది. అటు రోడ్డు ఇరుకే గానీ వేగం తక్కువ, మలుపు లేదు, మెలికల పైపులు కూడా లేవు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి, పసిపిల్లల బండితో వచ్చేవారికి ప్రస్తుతం అదొక్కటే దారి. ఆ గేటు పొద్దున ఐదున్నరకు తెరుస్తారు, సాయంత్రం ఏడుకు మూసేస్తారు.