మా మిద్దె మీద లండన్ ఒలింపిక్స్: అనంతపురంలో ప్రొజెక్టర్ అద్దెకు తీసుకున్న అనుభవం

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి కాస్త నడిస్తే, ఒక సందు మొదట్లో మెట్లెక్కి వెళ్లే చిన్న షాపు ఉంది. పెళ్లిళ్లకూ మీటింగులకూ ప్రొజెక్టర్లు, స్పీకర్లు అద్దెకిస్తారు. మే 12న, నర్సుల దినోత్సవం సాయంత్రానికి, అక్కడి నుంచి ఒక ప్రొజెక్టరు, ఎనిమిదడుగుల తెర, రెండు స్పీకర్లు తెప్పించుకున్నాను. రోజుకు 2,200 రూపాయలు, ఆటోకు ఇంకో 150. డిపాజిట్ అడగలేదు, ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. ఐదు స్టార్లకు నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర స్టార్ సంగతి తర్వాత చెబుతాను.

నేను స్టాఫ్ నర్సుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 2012లో లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జూలై 27 శుక్రవారం అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలైంది. మనకు అది శనివారం తెల్లవారుజామున ఒకటిన్నర. ఆ రాత్రి నాకు పిల్లల వార్డులో నైట్ డ్యూటీ. పొద్దున్నే ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే టీవీ పెడితే వార్తల్లో నర్సులు కనిపించారు. పాతకాలపు యూనిఫాంలలో, ఆస్పత్రి మంచాల మధ్య, అంత పెద్ద స్టేడియంలో డాన్స్ చేస్తున్నారు. మా పనిని అంతమంది ముందు అంత సంతోషంగా చూపించడం నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. అర నిమిషం ముక్క అది. మొత్తం చూడాలని ఆ రోజే అనుకున్నాను, డ్యూటీలతో కుదరలేదు.

ఏటా మా పాత స్టాఫంతా కలుస్తాం. కొవ్వొత్తులు వెలిగిస్తాం, ప్రమాణం చదువుతాం, కేక్ కోస్తాం, ఫొటోలు దిగి వెళ్లిపోతాం. ఈసారి మా మిద్దె మీద ఆ ప్రారంభోత్సవం పెద్ద తెర మీద వేయాలని పట్టుబట్టాను. ఒలింపిక్స్ వాళ్ల యూట్యూబ్ ఛానెల్‌లో మొత్తం కార్యక్రమం ఉంది. ఫోన్‌లో చూస్తే మాత్రం అందులో మనుషులు చీమల్లా ఉంటారు. దాదాపు ఏడున్నర వేల మంది వాలంటీర్లు, పైసా జీతం తీసుకోకుండా, నెలల తరబడి రిహార్సల్ చేసి ఆడిన ఆట అది. దాన్ని అరచేతిలో చూడటం నాకు మనసొప్పలేదు.

షాపాయన ఫోన్‌లోనే మంచి ప్రశ్నలు అడిగాడు. ఎంతమంది వస్తారు, మిద్దె మీద ప్లగ్ పాయింట్ ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, వైఫై సిగ్నల్ పైదాకా వస్తుందా అని. పోయినేడాది మనవరాలి పుట్టినరోజుకు వేరేచోట తీసుకుంటే ఇవేమీ అడగలేదు. లెన్స్ మీద దుమ్ముతో బొమ్మంతా మసకగా వచ్చింది, పిల్లలు పది నిమిషాలకే లేచిపోయారు. అందుకే ఈ ప్రశ్నలు వినగానే నాకు సగం టెన్షన్ తగ్గింది.

సామాను తెచ్చిన అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ఐదున్నరకే వచ్చాడు. తెరను ఒక పక్క నీళ్ల ట్యాంకు స్టాండుకు, ఇంకో పక్క పిట్టగోడ మీది ఇనుప కడ్డీకి కట్టాడు. మే నెల సాయంత్రం మన ఊళ్లో దుమ్ము గాలి లేస్తుంది కదా, తెర తెరచాపలా ఉబ్బింది. కింది రెండు మూలలకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టేశాడు. ఆ తర్వాత ఇంచు కదల్లేదు. ప్రొజెక్టరును పన్నెండు అడుగుల వెనక స్టూలు మీద పెట్టి, దాని కింద మా పాత మెడికల్ పుస్తకాలు రెండు దూర్చి లెవెల్ చేశాడు. "ఏడు దాటేదాకా ఆగండి మేడం, వెలుతురుంటే బొమ్మ తేలిపోతుంది" అన్నాడు. ఆ టైములో అందరికీ ఉగ్గాణి, బజ్జీ పెట్టేశాం. ఇరవై ఆరు మందిమి నర్సులం, ఇంకా పిల్లలు, మా వీధివాళ్లు, పల్లె నుంచి వచ్చిన మా పెద్దవ్వ.

ఏడుంపావుకు మొదలుపెట్టాం. ముందుగా పచ్చిక, పల్లె ఇళ్లు, పొలాలు. తర్వాత గొర్రెలు. స్టేడియం మధ్యలో నిజం గొర్రెలు, డెబ్బై! గుర్రాలు, ఆవులు, మేకలు, బాతులు, కోళ్లు కూడా ఉన్నాయి కానీ మా అవ్వకు గొర్రెలు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె పుట్టిల్లు గొర్రెల మంద ఉన్న ఇల్లు. కుర్చీ ముందుకు లాక్కుంది. "అమ్మీ, బొచ్చు సూడు ఎట్లుందో! కంబళ్లు ఎన్ని నేయొచ్చో! అంత జనంలో బెదరకుండా ఎట్ల నిలబడినాయి?" అని అడుగుతూనే ఉంది. ఒలింపిక్స్ అంటే పరుగు పందేలు అనుకుని వచ్చిన మనిషి, గొర్రెలతో మొదలయ్యేసరికి ఎంత సంబరపడిందో!

ఆ పచ్చికను చుట్టేసి పెరికేసి, నేలలోంచి ఫ్యాక్టరీ గొట్టాలు పైకి లేస్తాయి. పల్లె పోయి పారిశ్రామిక విప్లవం రావడం కళ్ల ముందే జరుగుతుంది. "తాడిపత్రి సిమెంట్ ఫ్యాక్టరీ!" అని పిల్లలు ఒకటే కేకలు. డోళ్ల మోత మొదలయ్యాక స్పీకర్ల విలువ తెలిసింది. వందల మంది ఒకేసారి కొడుతున్నారు, మిద్దె గచ్చు అదురు కాళ్లకు తెలుస్తోంది. మా ఎదురింటి పెద్దాయన జాతరలో ఉరుముల వాళ్ల వాయిద్యం గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. ఆ డోళ్ల బృందానికి ముందు నిలిచింది ఎవెలిన్ గ్లెన్నీ. చిన్నప్పుడే వినికిడి పోయిన ఆమె, నేల అదురును ఒంటితో పట్టుకుని వాయిస్తుంది. ఈ సంగతి నేను చెప్పగానే, ఈఎన్‌టీ ఓపీలో ఇరవై ఏళ్లు చేసిన మా జూనియర్ ఆ ముక్క మళ్లీ పెట్టించింది. వినపడే పిల్లలూ వినపడని పిల్లలూ కలిసి, రాత్రి పడుకునే బట్టల్లో నిలబడి, చేతులతో సైగలు చేస్తూ వాళ్ల జాతీయ గీతం పాడినప్పుడు కూడా మా జూనియరే ముందు చప్పట్లు కొట్టింది.

బ్రిటన్ రాణి ఎలిజబెత్ వచ్చే ఘట్టం దగ్గర వీడియో ఆగిపోయింది. తెర మీద ఆ గుండ్రటి సున్నా తిరుగుతూనే ఉంది. అందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. అబ్బాయి నిమిషంలో మా వైఫై తీసేసి తన ఫోన్ హాట్‌స్పాట్ కలిపాడు. అందుకు డబ్బులేమీ అడగలేదు. జేమ్స్ బాండ్ వేషంలో డేనియల్ క్రెయిగ్ ప్యాలెస్‌కు వస్తాడు, రాణి నిజంగానే ఆ సీన్‌లో నటించింది, అప్పటికి ఆమెకు 86 ఏళ్లు. ఇద్దరూ హెలికాప్టర్ ఎక్కుతారు. స్టేడియం పైకి రాగానే గులాబీ రంగు గౌనుతో రాణి దూకేస్తుంది! మా మిద్దె మీద అరుపులకు పక్కింటి కుక్క మొరిగింది. దూకింది స్టంట్‌మ్యాన్ అని నేను చెప్పేలోపే అదే గౌనుతో రాణి స్టేడియంలోకి నడిచొచ్చింది. "ముసలామె ఎంత ధైర్యం!" అని అవ్వ ఇప్పటికీ అంటోంది. నేను సరిదిద్దలేదు.

తర్వాత మా మంచాలు. 320 ఆస్పత్రి మంచాలు చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చాయి. తోసుకొచ్చినవాళ్లలో వందల మంది నిజంగా అక్కడి ప్రభుత్వ వైద్య సేవలో పనిచేసేవాళ్లే. 1948లో మొదలైన ఆ సేవకూ, లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రికీ దర్శకుడు డానీ బోయెల్ చేసిన నమస్కారం అది. కొన్ని మంచాల మీద పిల్లలు బంతుల్లా ఎగురుతున్నారు. నర్సులు దుప్పట్లు సర్దుతున్నారు, పిల్లల్ని పడుకోబెడుతున్నారు, మళ్లీ డాన్స్. మా వాళ్లలో ఇద్దరు చున్నీ నడుముకు చుట్టుకుని లేచి వాళ్లతో పాటు అడుగులు వేశారు. పిల్లల కలల్లోకి రాక్షసులు వచ్చి, గొడుగులు పట్టుకున్న ఆయాలు ఆకాశం నుంచి దిగి వాళ్లను తరిమేస్తుంటే, మా పాత హెడ్ నర్సు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నైట్ డ్యూటీ అంటే ఇదే కదే" అంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

మిస్టర్ బీన్‌ను ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. అంత పెద్ద ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుని ఒక్క వేలితో ఒకటే మీట నొక్కుతుంటే పిల్లలు కింద పడి దొర్లారు. మూడుసార్లు వేశాం. ఆ తర్వాత ఒక ఇల్లు పైకి లేస్తే, లోపల కంప్యూటర్ ముందు టిమ్ బర్నర్స్-లీ కూర్చుని ఉంటాడు. 1989లో వరల్డ్ వైడ్ వెబ్ ఆలోచన చేసిన మనిషి. "ఇది అందరిదీ" అని ఆయన టైప్ చేసిన ఇంగ్లిష్ మాటలు స్టేడియం సీట్ల దగ్గరి లైట్లలో వెలిగాయి. అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని చూస్తున్న ప్రొజెక్టర్ అబ్బాయి తన ఫోన్ చూసుకుని, "ఈయనవల్లేనా మేడం ఇదంతా?" అన్నాడు.

దేశాల కవాతు చాలా పొడుగు, దాటించి మనవాళ్ల దగ్గర ఆపాం. ముందు మన కుస్తీ వీరుడు సుశీల్ కుమార్ జెండాతో, వెనక పసుపు చీరల్లో అమ్మాయిలు. ప్రతి జట్టు పక్కనా ఒక పిల్ల రాగి గిన్నె లాంటిది పట్టుకుని నడుస్తుంటుంది. "ఆ గిన్నె ఏందమ్మీ?" అని అవ్వ నాలుగుసార్లు అడిగింది. ఆగవ్వా, నువ్వే చూస్తావు అన్నాను. చివర్లో ఏడుగురు పడుచు క్రీడాకారులు జ్యోతి అంటిస్తే, 204 రాగి రేకులు ఒక్కొక్కటిగా అంటుకుని, కాడలతో సహా మెల్లగా పైకి లేచి, అన్నీ కలిసి ఒకే పెద్ద మంటయ్యాయి. మిద్దె మీద ఎవరూ మాట్లాడలేదు. "గిన్నెలన్నీ పువ్వాయె" అంది అవ్వ. ఆటలయ్యాక ఆ రేకుల్ని ఏ దేశానికి ఆ దేశానికి పంపించేశారు.

ఇక అర స్టార్. రెండో స్పీకరు మాటలప్పుడు గరగరమంది, కేబుల్ కాస్త కదిలిస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది. రిమోట్‌లో బ్యాటరీలు అయిపోయి ఉన్నాయి, మా గోడ గడియారంలోవి తీసి వేశాం. ఈ రెండూ షాపులోనే చూసి పంపాల్సినవి. షాపాయనకు మర్నాడు చెబితే స్పీకరుకు వంద తగ్గించాడు. మీరు తీసుకుంటే ముందురోజే వెళ్లి స్పీకరు పెట్టించి వినండి, వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసుకోమని అబ్బాయికి చెప్పండి, వైఫై మీద ఆధారపడొద్దు. వేసవిలో ఏడుంపావుకు ముందు మొదలుపెట్టొద్దు. చుట్టుపక్కల ఇళ్లకు ముందే చెప్పి పిలవండి, మా డోళ్ల మోతకు వచ్చినవాళ్లే ఎనిమిది మంది.

పదిన్నరకు అంతా దిగిపోయారు. రాత్రి పది దాటితే 200 ఎక్కువ అన్నారు కానీ అబ్బాయి తీసుకోలేదు, తనూ చూశానన్నాడు. నీళ్ల క్యాన్లు విప్పుతూ తెర చుట్టబోతుంటే అవ్వ కుర్చీలోంచి లేవలేదు. గొర్లను ఇంకోసారి పెట్టమంది. అబ్బాయి నా వైపు చూశాడు. చుట్టిన తెర మళ్లీ కిందికి లాగి, కేబుల్ తగిలించాడు.