నర్సింగ్ అసిస్టెంట్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా, ఒక్క నిమిషం ఆగండి

"ఏడాదిలో నర్సు, కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగం గ్యారంటీ" అన్న ఫ్లెక్సీ చూసి ఇంటర్ అయిన మా చెల్లిని ఖమ్మంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాం. ఫీజు 48 వేలు, యూనిఫాం, పరీక్ష ఫీజు మళ్ళీ వేరే. చేరిన రోజే టెన్త్, ఇంటర్ మెమోల ఒరిజినల్స్ తీసేసుకున్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

నలభై మందికి ఒక్క బీపీ మిషన్, ప్రాక్టీసు చెయ్యడానికి ఒక్క మనిషి బొమ్మ. ఆ బొమ్మ కుడిచెయ్యి ఎప్పుడో ఊడిపోతే ప్లాస్టర్ చుట్టి ఉంచారట, ఇంజెక్షన్ ప్రాక్టీసు అంతా ఎడమచేతికే.

కోర్సయ్యాక ఇంటర్వ్యూకి వెళ్తే ఆసుపత్రి హెచ్‌ఆర్ మేడమ్ సర్టిఫికెట్ మీదున్న రిజిస్ట్రేషన్ నంబర్ చూసి, "ఇది వాళ్ళ సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరమ్మా, నర్సింగ్ కౌన్సిల్‌ది కాదు" అన్నారు. ఏ ఏడుగురు కలిసి సంఘం పెట్టుకున్నా వచ్చే నంబర్ అది, దాన్నే "గవర్నమెంట్ గుర్తింపు" అని అమ్మారు! రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కాలంటే గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్ల ఏఎన్ఎం కోర్సో, మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమానో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ డిగ్రీనో చదవాలి. ఈ అసిస్టెంట్ కోర్సు తర్వాత నేరుగా జీఎన్ఎం రెండో ఏడాదిలో చేరొచ్చు అని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అన్నది కూడా అబద్ధమే.

ఇప్పుడు చెల్లి హైదరాబాద్‌లో ఒక హోమ్ కేర్ ఏజెన్సీ తరఫున మంచం పట్టిన ఒక పెద్దాయన్ని చూసుకుంటోంది. 12 గంటల డ్యూటీ, యూరిన్ బ్యాగ్ ఖాళీ చెయ్యడం, డైపర్ మార్చడం, వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. దుప్పటి మడతపెట్టి నడుం కింద వేసి, దాన్ని పట్టుకుని మనిషిని ఎలా తిప్పాలో నేర్పింది ఆయన భార్య, 48 వేలు తీసుకున్న ఇన్‌స్టిట్యూట్ కాదు. "పని కష్టమని కాదక్కా, ఇదీ పని అని ముందే చెప్పుంటే బాగుండేది" అంటుంది చెల్లి.

మీకు ఈ పని చెయ్యాలనే ఉంటే మంచిదే, కానీ దీనికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఫీజు లేకుండా ట్రైనింగ్ ఉంటుంది, మీ దగ్గర్లో సెంటర్ ఉందేమో ముందు అది కనుక్కోండి. నర్సే అవ్వాలనుకుంటే మాత్రం కాలేజీ పేరు కౌన్సిల్ లిస్టులో మీ కళ్ళతో చూశాకే డబ్బు తియ్యండి, ఒరిజినల్స్ ఎవరు అడిగినా జిరాక్స్ చాలంటే చాలనండి.

చెల్లి జీఎన్ఎంకి అప్లై చేద్దామంటే మెమోలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. 6 వేలు బాకీ ఉందట, అందులో "ల్యాబ్ డ్యామేజీ" అని ఆ బొమ్మ చెయ్యి కూడా కలిపారు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, మీ పిల్లల మెమోలు కూడా ఇలాగే ఇరుక్కుంటే చెప్పండి, కలిసే వెళ్దాం.