కంఠతా, కథా, ఫోనా? పసివాళ్ళకు బైబిలు ఏ దారిన చెబితే మేలు

మా చిన్నోడు నాలుగేళ్ళప్పుడు సండే స్కూల్లో 23వ కీర్తన అప్పజెప్పి స్టీలు గ్లాసు గెలుచుకొచ్చాడు. ఇంటికి రాగానే మామ్మ ముందు నిలబడి మళ్ళీ అందుకున్నాడు: "యెహోవా నా కాపరి, నాకు ఏమీ కలుగదు!" మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అసలు వాక్యం "నాకు లేమి కలుగదు". 'లేమి' అన్న మాట వాడెప్పుడూ వినలేదు మరి. తెలిసిన మాట ఒకటి అక్కడ పెట్టేసుకున్నాడు, అర్థం కాస్తా తలకిందులైంది.

అలాగని కంఠతను కొట్టిపారెయ్యలేను. మామ్మకిప్పుడు చూపు ఆనదు. అయినా చిన్నప్పుడు నేర్చిన కీర్తనలు తడుముకోకుండా చెబుతుంది. ఆ వయసులో పట్టింది అంత గట్టిగా ఉంటుంది. కాకపోతే పట్టేది శబ్దమే, అర్థం ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఎక్కించాలి.

ఇక్కడే చాలామంది తల్లులు "మన బైబిల్లో తెలుగు పాతది, పిల్లలకేం తెలుస్తుంది" అని ఇంగ్లీషు బొమ్మల పుస్తకం కొంటారు. బొమ్మలు బాగుంటాయి, కాదనను. కానీ 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు లండన్ నుంచి మన విశాఖపట్నమే వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా తెలుగులో అచ్చయ్యాయి. పరాయి దేశం వాళ్ళు ఈ ఊళ్ళో కూర్చుని అంత పాటుపడితే, మన పిల్లలకు 'సృజించెను' అన్న మాట బరువైపోతుందా? నాలుగుసార్లు చెవిన పడితే పిల్లలకు ఏ మాటా కొత్త కాదు.

ఇక కథ. నా ఓటు దీనికే. నోవహు ఓడ పొడుగు మూడు వందల మూరలు. మూరంటే మా పిల్లలకు తెలుసు, పూర్ణా మార్కెట్‌లో మల్లెపూలు కొలిచేది దాంతోనే కదా. మూరకు అడుగున్నర చొప్పున వేస్తే నాలుగు వందల యాభై అడుగులు, అంటే 137 మీటర్లు. బీచ్‌లో ఒడ్డున పెట్టిన కుర్సుర సబ్‌మెరైన్ 91 మీటర్లు. ఒక సాయంత్రం దాని పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, "ఇంకా సగం కలుపు, అంత ఓడ" అన్నాను. చిన్నోడు నోరెళ్ళబెట్టాడు. పేతురు వలలో నూట యాభై మూడు చేపలు పడ్డాయని చెప్పిన రోజు "అన్నీ ఎవరు లెక్కపెట్టారమ్మా?" అని అడిగాడు. ఫిషింగ్ హార్బర్‌లో వేలం చూసిన పిల్లాడు అడగాల్సిన ప్రశ్నే!

కథతో చిక్కల్లా చెప్పేవాళ్ళ నోటితోనే. యోనాను తిమింగలం మింగిందని నేను ఊపుగా చెబుతూ వచ్చాను. చదవడం వచ్చాక మా పెద్దది బైబిల్లో యోనా గ్రంథం తీసి నా ముందు పెట్టింది: "గొప్ప మత్స్యము అనే ఉందమ్మా." అప్పటినుంచి కథ చెప్పేటప్పుడు బైబిలు ఒళ్ళో తెరిచే ఉంచుతున్నాను.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. వంట అయ్యేదాకా కుదురుగా కూర్చోబెడుతుంది, అంతవరకు దానికి దండం. దావీదు బొమ్మల వీడియో అయిపోగానే ఏ కారు బొమ్మల వీడియోనో తనంతట తానే మొదలవుతుంది. పైగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు.

ఇప్పుడు మా ఇంట్లో ముందు కథ, తర్వాత ఆ కథలోంచే ఒక్క వాక్యం. లాజరు కథ చెప్పిన రాత్రి "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న మూడు మాటలు చాలు. భోజనాలయ్యాక పది నిమిషాలు, అంతే. తాతయ్య కుటుంబ ప్రార్థన గంట సాగితే పిల్లలు నిద్రపోతారు, పోనివ్వండి. 'లేమి' అంటే ఏంటో అడుగంటిన బియ్యం డబ్బా చూపించి చెప్పాను, ఇప్పుడు కీర్తన తిన్నగా చెబుతున్నాడు.

అబ్రాహాము కొడుకు ఇస్సాకును బలివ్వడానికి కొండ మీదికి తీసుకెళ్ళిన కథ మాత్రం వాడికింకా చెప్పలేదు. రాత్రిళ్ళు వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని నిద్రపోయే పిల్లాడు మరి.