80 వేగానికి 81 గుర్రాలు: తిరుపతి వాళ్ళకి టైగర్ స్పోర్ట్ 660 అవసరమా?

కొండకి పోయి రావడానికే కొత్త బండి అనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. తిరుమల ఘాట్ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ నియమం. ఘాట్ దాదాపు 18 కిలోమీటర్లు. లెక్కేస్తే సగటు వేగం ఎక్కేటప్పుడు గంటకి 39 కిలోమీటర్లు, దిగేటప్పుడు 27. అంతకంటే తొందరగా చేరితే జరిమానా. ఈ వేగానికి 100 సీసీ బండే ఎక్కువ.

కాబట్టి ఈ సమీక్ష అసలు ఎవరికంటే, బజాజ్ డామినార్ 400 లాంటి ఒంటి సిలిండర్ బండి మీద బెంగళూరు, చెన్నై, హార్స్‌లీ హిల్స్ తిరుగుతూ, ట్రయంఫ్ టైగర్ స్పోర్ట్ 660కి మారదామా వద్దా అని లెక్కలేసుకునేవాళ్ళకి. 2022 మార్చిలో ఈ బండి మన దేశానికి వచ్చినప్పుడు షోరూం ధర 8.95 లక్షలు. మూడు సిలిండర్ల 660 సీసీ ఇంజన్, 81 పీఎస్ (గుర్రాల శక్తి), 64 ఎన్‌ఎం టార్క్ (ఇంజన్ తిప్పే బలం). డామినార్‌ది 373 సీసీ, 40 పీఎస్, 35 ఎన్‌ఎం. శక్తి రెట్టింపు, బరువు మాత్రం 193 నుంచి 206 కిలోలకి, అంటే 13 కిలోలే పెరిగింది. పెద్ద బండి అనగానే భయపడేవాళ్ళు ముందు చూడాల్సిన అంకె ఇదే.

మరి ఆ శక్తి ఎక్కడ వాడతారు? నాలుగు వరసల హైవే మీద బైకుకి చట్టప్రకారం గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు కలిపి 160 కిలోలు వేసుకోండి. డామినార్ మీద టన్నుకి 113 గుర్రాలు, టైగర్ మీద 221. చదును రోడ్డు మీద, చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోతుంటే, ఈ తేడా పెద్దగా తెలియదు. తెలిసేది బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్‌లో. ముందు లోడు లారీ 30లో పాకుతుంటుంది, దాటడానికి దొరికే సందు చిన్నది. 400 సీసీ బండిని ఆరు నుంచి నాలుగుకి, ఒక్కోసారి మూడుకి దించి, 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా లాగితేనే కదులుతుంది. టైగర్ ఇంజన్ టార్క్‌లో 90 శాతం 3,600 నుంచి 9,750 ఆర్‌పీఎం మధ్య ఎక్కడైనా దొరుకుతుంది. ఒక గేరు దించి యాక్సిలరేటర్ తిప్పితే లారీ వెనకబడుతుంది. మామిడి కాపు రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీల చుట్టుపక్కల వెనక లైటు లేని ట్రాక్టర్లు వరసకట్టి నిలబడే రోడ్డు మీద, లారీ పక్కన రెండు సెకన్లు తక్కువ గడపడం చిన్న విషయం కాదు.

రెండో తేడా వణుకు. పెద్ద ఒంటి సిలిండర్ బండి మీద 100 దగ్గర అద్దంలో వెనక లారీ ఒక ఎర్ర మరక. టైగర్ అద్దంలో దాని నంబరు ప్లేటు చదవొచ్చు. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు 250 కిలోమీటర్లు. చేతులు తిమ్మిరెక్కకుండా దిగడం అంటే ఏమిటో ఆ దారిలో రోజూ తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలి అద్దాన్ని బండి నడుపుతూనే ఒక చేత్తో పైకీ కిందకీ జరపొచ్చు. పొడుగువాళ్ళకి పైన పెట్టినా గాలి హెల్మెట్ అంచుకే తగిలి తల ఊగుతుంది, వాళ్ళు కిందకి దించి పెట్టుకుంటేనే నయం. 2025 రూపంలో పెట్టిన వేగాన్ని తనే కొనసాగించే క్రూజ్ కంట్రోల్, బ్రేక్ పడితే చక్రం బిగుసుకుపోకుండా మలుపుల్లో కూడా పనిచేసే ఏబీఎస్ వచ్చాయి. 80 దగ్గర పెట్టి వదిలేయడానికి క్రూజ్ నిజంగా పనికొస్తుంది. పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే ఈ రెండూ లేవన్న సంగతి గుర్తుపెట్టుకుని బేరమాడండి.

ఇక సస్పెన్షన్. ఈ బండి మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం సెట్టింగ్ చేసుకోకపోవడం వల్లే. ముందు 41 ఎంఎం షోవా ఫోర్కుకి ఏ సర్దుబాటూ లేదు, గట్టిగా బ్రేక్ పట్టుకుంటే ముక్కు వంగుతుంది, దాంతో సర్దుకుపోవాల్సిందే. వెనక మాత్రం స్పానర్ లేకుండా చేత్తో తిప్పే నాబ్‌తో ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగువు) మార్చుకోవచ్చు. షోరూంలో ఇచ్చిన సెట్టింగ్‌లోనే ఇద్దరు, సామాను ఎక్కితే తోక కిందకి దిగి, ముందు చక్రం తేలిక అవుతుంది. బాకరాపేట ఘాట్ మలుపుల్లో బండి వెడల్పుగా పోతున్నట్టు అనిపించేది అందుకే. సైలెన్సర్ కూడా పొట్ట కిందే ఉంటుంది, ఊరి మధ్య కట్టిన స్పీడ్ బ్రేకర్‌కి తగులుతుంది.

తోక ఎంత దిగుతోందో కొలవడం కష్టం కాదు. వెనక చక్రం గాల్లోకి లేచేలా ఒకరు తోక పట్టుకుని ఎత్తాలి. ఇంకొకరు ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైన తోక మీద అంటించిన టేపు గుర్తు దాకా కొలవాలి, 600 ఎంఎం వచ్చిందనుకుందాం. తర్వాత బండి దించి, జాకెట్, హెల్మెట్ అన్నీ వేసుకుని, వెనక మనిషితో, సామానుతో కూర్చుని మళ్ళీ అక్కడే కొలవాలి. వెనక చక్రం ప్రయాణం 150 ఎంఎం, అందులో 30 శాతం అంటే 45 దిగాలి. 555 దగ్గర వస్తే సరే. 535 వస్తే నాబ్ బిగించండి. ఒంటరిగా వెళ్ళే రోజు మళ్ళీ వదులు చేయడం మరవొద్దు, లేదంటే రేణిగుంట రోడ్డు గతుకులన్నీ నడుములోకే వస్తాయి.

సీటు ఎత్తు 835 ఎంఎం, డామినార్ 800. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఒక కాలే పూర్తిగా ఆనుతుంది. నడుస్తున్నప్పుడు సమస్య లేదు, పార్కింగ్‌లో వాలు మీద బండిని వెనక్కి నెట్టేటప్పుడే.

ఊళ్ళో ఈ బండి సుఖం కాదు. మే నెలలో, ఎండ 40 దాటిన మధ్యాహ్నం, లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ తిరిగిందంటే ఆ వేడి గాలి నేరుగా పిక్కలకి కొడుతుంది. ఒంటి సిలిండర్ బండి కూడా వేడెక్కుతుంది గానీ ఇంత కాదు. ఆఫీసుకీ కూరగాయలకీ ఇదే బండి అనుకునేవాళ్ళు మనసు మార్చుకోవాలి, లేదా ఇంట్లో ఒక స్కూటర్ ఉంచుకోవాలి.

సామానుకి పక్క పెట్టెలు రెండూ కలిపి 57 లీటర్లు, వెనక టాప్ బాక్స్ 47 లీటర్లు, రెండు హెల్మెట్లు పడతాయి. అన్నీ అదనపు ఖర్చే. డామినార్‌తో 2021 నుంచి పొడుగు వైజర్, చేతుల రక్షణ, క్యారియర్ కంపెనీ నుంచే వస్తున్నాయి, ఆ అలవాటుతో పోతే ఇక్కడ బిల్లు చూసి ఉలిక్కిపడతారు. ఇంకో మాట, అలిపిరి తనిఖీలో పెట్టెలు తెరిచి చూపించాలి. సామాను పైన తాడు చుట్టి, దాని కింద పెట్టె పెట్టుకున్నారంటే వరసలో వెనకవాళ్ళ తిట్లు తినాల్సి వస్తుంది.

పెట్రోలు ట్యాంకు 17.2 లీటర్లు. కంపెనీ లెక్క లీటరుకి 22 కిలోమీటర్లు. సామాను, ఎక్కుళ్ళు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు అన్నీ కలుపుకుని 19 వేసుకుంటే 320 దాకా పోవచ్చు. బెంగళూరికి మధ్యలో పోయించకుండా చేరొచ్చు.

నిర్వహణ దగ్గరే మన ఊరివాళ్ళ లెక్క చెన్నైవాళ్ళ లెక్క కంటే వేరవుతుంది. సర్వీసు 16,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి ఒకసారి, అంటే తరచుగా కాదు. కానీ ఊళ్ళో 400 సీసీ బళ్ళు చూసే మెకానిక్‌కి మూడు సిలిండర్ల ఇంజన్ విప్పే శిక్షణ, డయాగ్నొస్టిక్ పరికరం ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి. లేకపోతే పుత్తూరు, నగరి మీదుగా 135 కిలోమీటర్లు చెన్నై పోవాలి. 1,000 కిలోమీటర్ల మొదటి సర్వీసుకి ఆ ప్రయాణం ఫర్వాలేదు. సెన్సార్ లైటు వెలిగిన రోజు టెంపో ట్రక్కులో ఎక్కించి పంపడమంటేనే నొప్పి.

చైన్‌కి ప్రతి 300 కిలోమీటర్లకి లూబ్ వేయాలని మాన్యువల్ మాట. సెంటర్ స్టాండ్ రాదు కాబట్టి వెనక చక్రాన్ని లేపి పెట్టే ప్యాడాక్ స్టాండ్ కొనుక్కోండి. చక్రం లేపి, ఇంజన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ గుడ్డతో తుడిచేవాళ్ళ వేళ్ళు స్ప్రాకెట్‌లో పడతాయి, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. వెనక టైరు 180/55, 17 అంగుళాలు. ఊళ్ళో ప్రతి టైరు షాపులో దొరికే సైజు కాదు. గాడి లోతు సగానికి వచ్చినప్పుడే ఆర్డరు పెట్టుకుంటే, పూర్తిగా అరిగాక వారం రోజులు బండి మూలన పెట్టాల్సిన పని ఉండదు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళకి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31. ఎక్కడో చూసిన పాత ధర పట్టుకుని బడ్జెట్ వేయొద్దు, రాతపూర్వకంగా ఆన్ రోడ్ కొటేషన్ తీసుకోండి. అందులో అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా కచ్చితం. 2022లో ఖరారైన రేటు 350 సీసీ దాటిన కొత్త బండికి 15,117 రూపాయలు, దాని మీద పన్ను. ‘హ్యాండ్లింగ్ చార్జీ’ అన్న గడి కనిపిస్తే కొట్టేయమనండి.

చెన్నైలో కొంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకుని ఇక్కడే లైఫ్ టాక్స్ కట్టాలి. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్ళు ఫారం 28, అంటే ఎన్‌ఓసీ, చేతికి వచ్చేదాకా మొత్తం డబ్బు ఇవ్వొద్దు. ఆంధ్రలో మళ్ళీ కట్టాల్సిన టాక్స్ ఆ చవకని తినేస్తుంది, అది కలిపాకే ధర పోల్చండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చే పాత బండి మీద అప్పు తీరిపోయి ఉంటే ఫారం 35తో ఆర్‌సీలో బ్యాంకు పేరు ముందే తీయించండి. అది లేకే చాలామంది ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన రేటుకి తలూపుతారు.

‘ఎలాగూ పెడుతున్నాం, కవాసకి నింజా 1100 ఎస్‌ఎక్స్ తీసుకుంటే’ అనే ఆలోచన వస్తుంది. 136 పీఎస్, 238 కిలోలు, విడుదల ధర 13.49 లక్షలు. హైదరాబాదుకి నెలకోసారి పోయేవాళ్ళకి దాని దర్జా వేరు. చిత్తూరు జిల్లా రోడ్లకి అది అతి.

మారాలా వద్దా తేల్చడానికి సర్వీసు పుస్తకం తీయండి. గత 12 నెలల్లో తిరిగిన కిలోమీటర్లలోంచి ఊళ్ళో తిరుగుడు తీసేసి, ఒకే రోజు 300 దాటిన ప్రయాణాలు ఎన్నో లెక్కపెట్టండి. అయిదారు దాటకపోతే డామినార్‌కి కొత్త చైన్ సెట్టు, మంచి టైర్లు వేయిస్తే 20 వేలలోపే సగం అసంతృప్తి తీరుతుంది. పదిహేను దాటి, అందులో ఎక్కువ ఇద్దరితోనే అయితే టైగర్ కొనొచ్చు.

టెస్ట్ రైడుకి వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకుపోండి. ఒక యూటర్న్, ఒక స్పీడ్ బ్రేకర్, నాలుగో గేరులో 3,000 ఆర్‌పీఎం నుంచి ఒక లాగుడు, ఆపి పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లోనే ఉంచడం, ఇవి చాలు. పక్క పెట్టెలు తగిలించిన బండి ఉంటే దాన్నే అడిగి, పెట్టె నుంచి పెట్టె దాకా వెడల్పు కొలిచి రాసుకోండి. ఇంటి గేటు, సందు వెడల్పు ముందే టేపుతో కొలుచుకుని పోతే ఇంకా మంచిది.